మూగచిత్రములు - పరుల వేషములు

మాట లేని చిత్రమున ముఖమే మాట. మూగచిత్రముల కాలమున నటుని కన్నులును, చేతులును, నడుమ నడుమ తెరపై కనబడు వ్రాతపలకలును కథను నడిపెను. కావున ఏ జాతివారి ముఖమును ఎవరు చూపిరి యను ప్రశ్న ఆ చిత్రముల విషయమున మిక్కిలి ముఖ్యమైనది. ఇది పాతకాలపు సంగతియే యైనను మన పాఠశాల నాటకములకును సంబంధించినదని మా యభిప్రాయము.

1915వ సంవత్సరమున అమెరికాలో గ్రిఫిత్ అను దర్శకుడు 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' అను చిత్రమును తీసెను. అందలి ముఖ్యములైన నల్లజాతి పాత్రలను తెల్లవారే మొగమునకు మసి పూసికొని ధరించి, ఆ జాతిని నిందాపాత్రముగా చూపిరి. నల్లజాతివారి హక్కుల సంఘము ఆక్షేపించినను ప్రదర్శనములు పెక్కుచోట్ల సాగెను. తరువాత ఆస్కార్ మిషో అను నల్లజాతి రచయిత తానే చిత్రములు తీయబూని, 1920లో 'వితిన్ అవర్ గేట్స్' అను చిత్రమున తనవారి కథను తనవారిచేతనే చెప్పించెను.

ఆ 1915లోనే వెలువడిన 'ది చీట్' అను చిత్రమున జపానుదేశీయుడగు సెస్యూ హయకావా క్రూరుడైన జపాను వర్తకుడుగా నటించెను. అమెరికాలోని జపానువారు ఆక్షేపించిరి. 1918లో చిత్రమును మరల విడుదల చేసినపుడు వ్రాతపలకలను మార్చి ఆ వర్తకుని బర్మావానిగా చేసిరి! నటుడు మారలేదు, క్రౌర్యము మారలేదు. పేరును దేశమును మాత్రమే మారెను. ఒకరిపై నుండి తొలగిన నింద, గొంతెత్తువారు లేని మరియొకరి నెత్తిన పడెను. దీనిని న్యాయమనవచ్చునా?

"నటన యనగా పరుల వేషము ధరించుటయే గదా, ఇందు దోషమేమి?" యని కొందరడుగవచ్చును. నిజమే, వేషమును మేము తప్పుపట్టము. ద్వారము ఒక వైపువారికే తెరచియుండుటను తప్పుపట్టుచున్నాము. లాస్ ఏంజెలెస్ నగరమున జన్మించిన చీనా సంతతి నటి అన్నా మే వాంగ్ 1922లో 'ది టోల్ ఆఫ్ ది సీ' చిత్రమున నాయికయై మెప్పు పొందెను. అయినను తెల్లవారు చీనా వేషములు ధరించుచుండగా ఆమెకు చిన్న పాత్రలే మిగిలెను. 1928లో ఆమె ఐరోపాకు వెడలిపోయెను.

పరదేశీయులను నిందించి ఊరకుండుట మనకు తగదు. 1913లో ఫాల్కేగారు తీసిన 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి వేషమును సాలుంకే యను పురుషుడు ధరించెను. స్త్రీలు తెరపైకి వచ్చుట అవమానమని నాటివారి తలంపు. 1921లో రఘుపతి వెంకయ్యగారును వారి కుమారుడు ప్రకాశ్‌గారును మదరాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసినపుడు గంగ పాత్రను ధరించినది పెగ్గీ కాస్టెల్లో. తెలుగింటి ఆడుబిడ్డకు ఆ ద్వారము నాడింకను మూసియే యుండెను. మంచి యుదాహరణమును లేకపోలేదు. కరీంనగరమున 1909లో జన్మించిన పైడి జైరాజుగారు 1929 మొదలు బొంబాయి మూగచిత్రములలో నటించి పేరుగాంచిరి.

ఇక మన సంగతి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పాఠశాలలలో తెలుగు పిల్లలతోపాటు ఉర్దూ మాటలాడు పిల్లలును, లంబాడీ తండాల పిల్లలును, పనికై అన్యరాష్ట్రముల నుండి వచ్చినవారి పిల్లలును గలరు. వార్షికోత్సవమున తెల్లని బాలికకు రాణి వేషమును, నల్లని బాలునికి రాక్షస వేషమును ఇచ్చుట మనకు అలవాటు కాలేదా? అద్దాల పావడాలు అద్దెకు తెచ్చి లంబాడీ నృత్యమును ఇతరులచేత ఆడించుచు, తండా బాలికను ప్రేక్షకులలో కూర్చుండబెట్టుట లేదా?

ఉపాధ్యాయులారా, వేషములను మేనిఛాయను బట్టి గాక నేర్పును బట్టి పంచుడు. ఒక జనుల యాచారమును రంగముపై చూపదలచినపుడు ఆ యింటి బిడ్డను ముందుగా అడుగుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ఈ యేడు రాజవేషము రాలేదని అలుగకుడు. ఆ వేషము ఏ బిడ్డకు ఎన్నడును రాలేదో కనుగొనుడు. విద్యార్థులారా, తోటివాని మాటతీరును వెక్కిరించి నవ్వించుట సులభము. వానికే రంగముపై చోటిచ్చి, వాని కథను వానిచేతనే చెప్పించుడు.