బీమా విడిచిన బండి
బ్రిటనునందు బీమా సంస్థలు నష్టపరిహారము చెల్లించి విడిచిన కార్లలో 'ఎ', 'బి' తరగతులవి మరల రోడ్డెక్కరాదు. 2017 అక్టోబరు నుండి 'ఎస్' అనునది చట్రమునకు దెబ్బ తగిలిన బండికిని, 'ఎన్' అనునది తగలనిదానికిని గుర్తు. లోటస్ ఎలీజ్ అను స్పోర్ట్స్ కారులో అల్యూమినియపు చట్రము ఎపాక్సీ జిగురుతో అతుకబడినదగుటచే వంగినచో సుత్తితో సాపుచేయుటకు వీలులేదు. ముందుభాగమంతయు ఒకే ఫైబర్‌గ్లాసు తొడుగగుటచే, చిన్న పగులునకే ఖర్చు తడిసి మోపెడై, చట్రము చెడని బండిని సైతము బీమావారు విడుచుట కలదు. కావున మరమ్మతునకు పూర్వపు ఫోటోలును, బిల్లులును చూపినయెడల, 'ఎన్' ముద్రగల ఎలీజ్‌ను ధర తగ్గించి కొనుట అవివేకము కాదని నా యభిప్రాయము (బ్రేకులు, స్టీరింగు క్షేమమని ఆ ముద్ర హామీ యీయదు సుమా). 'ఎస్' బండిని మాత్రము, ఎంత మెఱుగు పెట్టినను, నేను ముట్టను. బేరమునకు ముందే బీమావారి నడుగుట మేలు. కొందఱు అట్టి కారుకు పాలసీయే యీయరు. అమ్మబోవునాడు మీకును తగ్గింపు ధరయే దక్కును.