మూడోవాడి తలాంతు

మా సంఘంలో "నీ తలాంతు ఏంటి బ్రదర్?" అని ఎవరిని అడిగినా మూడే జవాబులు. పాడతాను, కీబోర్డు వాయిస్తాను, వాక్యం చెప్తాను. నాకు మూడూ రావు. నేను పాడితే పక్కవాళ్ళకి కూడా రాగం తప్పుతుంది. అందుకే దేవుడు నాకేమీ ఇవ్వలేదులే అనుకుని, పాటల స్లైడ్లు మారుస్తూ చాలా ఏళ్ళు వెనక కూర్చున్నాను.

మొన్న మత్తయి 25 చదువుతుంటే లెక్క వెయ్యాలనిపించింది (వృత్తి దోషం). అక్కడ తలాంతు అంటే ప్రతిభ కాదు, డబ్బు. సుమారు 6000 దేనారాలు. మత్తయి 20లో ద్రాక్షతోట కూలీకి రోజుకి ఒక దేనారం. ఏడాదికి 300 పనిరోజులు వేసుకున్నా, ఒక్క తలాంతు అంటే 20 ఏళ్ళ కూలి! "పాపం, ఒక్కటే ఇచ్చాడు" అని మనం జాలిపడే మూడోవాడి చేతిలో ఉన్నది అంత. పైగా 15వ వచనం ప్రకారం ఎవరి సామర్థ్యాన్ని బట్టి వాళ్ళకి ఇచ్చాడు. వాడు దాన్ని తాగి తగలెయ్యలేదు, జూదమాడలేదు. భయపడి, భద్రంగా పాతిపెట్టాడు. మనలాంటి బుద్ధిమంతుడే అన్నమాట.

అప్పుడు గుర్తొచ్చాడు మా సంఘంలో డిగ్రీ చదివే కుర్రాడు. "అన్నా, కొంచెం జావా నేర్పిస్తారా?" అని అడిగాడు. "రిలీజ్ ఉంది తమ్ముడూ, అయిపోగానే చూద్దాం" అన్నాను. ఒకటి అయ్యాక ఇంకో రిలీజ్. అలా ఆరు నెలలు. తర్వాత అడగడం మానేశాడు. వాళ్ళ నాన్న అప్పు చేసి అమీర్‌పేటలో ఏదో కోర్సులో చేర్పించాడని ఆలస్యంగా తెలిసింది. ఆ ఆరు నెలల్లో నేను చూసిన క్రికెట్ మ్యాచ్‌ల లెక్క మాత్రం అడక్కండి.

అలాగని ప్రతి పనికీ చెయ్యెత్తమని కాదు. సంఘం వెబ్‌సైటు, సౌండు, యూత్ మీటింగు అన్నీ నెత్తిన వేసుకుని, సోమవారం ఆఫీసులో కునికే వాళ్ళున్నారు. జీతమిచ్చేవాడి పని ఎగ్గొట్టి చేసే సేవ నాకు నచ్చదు. ఆ ఉపమానంలో యజమాని కూడా మరీ ఎక్కువేం అడగలేదు. కనీసం సాహుకారుల దగ్గరైనా వెయ్యాల్సింది కదా అన్నాడు. నాకు నిజంగా తీరిక లేకపోతే ఆ కుర్రాణ్ణి ఖాళీ ఉన్న కొలీగ్‌కి అప్పజెప్పొచ్చు, బీరువాలో పడున్న పాత లాప్‌టాప్ ఇవ్వొచ్చు. అదీ చెయ్యలేదు.

పోయిన నెల నుంచి ఆరాధన అయ్యాక గంటసేపు వెనక గదిలో కూర్చుంటున్నాను. ముగ్గురు వస్తున్నారు. ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. "చూస్తానన్నా" అన్నాడు. ఇంకా రాలేదు.