చిన్నకోడలి కొంగున తాళంచెవి

నలుగురూ కలిసి వాడుకునే కంప్యూటరులో కొన్ని పనులకు తొందర వుండదు. పాత దస్తరాలకు నకళ్ళు తీసి దాచటం ఇవాళ కాకపోతే రేపయినా నష్టం లేదు. అటువంటి పనులు "మీ వంట కానివ్వండి అక్కయ్యా, పొయ్యి ఖాళీ అయ్యాకే నేను ఎసరు పెట్టుకుంటాను" అనే చిన్నకోడలిలాగా మెలిగేటట్టు ఏర్పాటు చేయవచ్చు.

యూనిక్స్ జాతి యంత్రాలలో యీ మర్యాదకు 'నైస్' అని పేరు. మామూలు పనికి అంకె 0. అణకువ ఎక్కువైనకొద్దీ అంకె పెరిగి 19 దాకా పోతుంది. లైనక్సులో 0 అంకె పనికి 1024 వాటాలయితే 19 అంకె పనికి 15 మాత్రమే. ఇంక దిగులెందుకంటారా? ఒక్క ప్రాసెసరు మీద అటువంటి చిన్నకోడళ్ళు 68 మంది చేరితే పెద్దావిడకు మిగిలేది సగం పొయ్యే!

పైగా ఆ మర్యాదంతా పొయ్యి దగ్గరే. ఆవిడ గిన్నెలు మాత్రం వంటిల్లంతా పరిచి వుంటాయి. మెమరీలో చోటు ఇరుకయితే పెద్దావిడ సామాను అటకెక్కుతుంది. కావలసినప్పుడల్లా నిచ్చెన వేసి దింపుకోవాలి. నకళ్ళు తీసే పని డిస్కును వూపిరాడనివ్వకపోతే, "ప్రాసెసరు ఖాళీగానే వుందే, యీ నత్తనడక ఏమిటి?" అని గుమాస్తా తల గోక్కుంటాడు.

తాళంచెవి సంగతి మరీ విడ్డూరం. 1997 జులై 4న అమెరికావారి పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకే దాని కంప్యూటరు వుండి వుండి తనంత తానే ఆగి, మళ్ళీ మొదటినుంచి ఆరంభం కాసాగింది. కారణం, వాతావరణం కొలిచే వొక చిన్న పని. హోదా తక్కువదే కాని, సమాచారం చేరవేసే చోటుకు తాళం దాని చేతిలో వున్నది. ఆ తాళం కోసం పెద్ద పని కాచుకుని వున్నది. ఇంతలో మధ్యరకం పని వొకటి వచ్చింది. దానికి తాళంతో నిమిత్తమే లేదు. అయినా హోదా చూపి, చిన్నదాన్ని పక్కకు నెట్టి పొయ్యి ఆక్రమించింది. చిన్నది కదలలేదు, తాళం వదలలేదు. ఇంక పెద్దదానికి ఎంత గొప్ప వుండి ఏం లాభం? గడువులోగా దాని పని తెమలకపోవటం చూసి, కాపలా గడియారం యంత్రాన్ని మొత్తం ఆపి మళ్ళీ నడిపించేది.

ఇంజనీర్లు భూమి మీద వున్న జోడు యంత్రం ముందు కూర్చుని జబ్బు కనిపెట్టారు. తాళం చేతిలో వున్నంతసేపూ పెద్దదాని హోదాను చిన్నదానికి అరువివ్వటమే వైద్యం. ఆ సదుపాయం నౌకలో మొదటినుంచీ వున్నదే. మీట వేసి వుంచలేదు, అంతే. కోట్ల మైళ్ళ దూరం నుంచి ఆ మీట వేయించారు.