పాత ఇంగ్లిషు మాట పక్కన పలుకు కూడా అచ్చువేయండి!

ఇంగ్లిషు సాహిత్యం చెప్పే అధ్యాపకులకు, గైడ్లు వేసే ప్రచురణకర్తలకు, పత్రికల సబ్‌ఎడిటర్లకు, విద్యార్థులకు విన్నపం



జీ, ఏ, ఓ, ఎల్. ఈ నాలుగక్షరాల మాటను బోర్డు మీద రాసి చదవమనండి. ఒకరు ‘గావోల్’ అంటారు, ఇంకొకరు ‘గోల్’ అంటారు. నిజానికది మనం రోజూ అనే జైలే! పలుకూ అదే, అర్థమూ అదే. స్పెల్లింగు ఒక్కటే పాతది.

‘చిన్న పంజరం’ అనే అర్థమున్న లాటిన్ మాట ఫ్రెంచిలోకి వెళ్లి, నార్మండీలో ‘గ’తోనూ, పారిస్ వైపు ‘జ’తోనూ రెండు రూపాలు కట్టుకుంది. ఇంగ్లిషువాళ్లు రెండూ తెచ్చుకున్నారు. నోటిలో ‘జ’ నిలిచింది. బ్రిటన్ సర్కారు కాగితాల్లో మాత్రం ‘గ’ స్పెల్లింగు చాలాకాలం పాతుకుపోయింది. అక్షరాలను నమ్ముకుని తప్పు చదివిన విద్యార్థిని చూసి నవ్వడం అన్యాయం. చెప్పకపోవడం మన లోపం.

ఆస్కార్ వైల్డ్ 1898లో వెలువరించిన దీర్ఘకవిత పేరు చూడండి: ‘ది బాలడ్ ఆఫ్ రెడింగ్ జైల్’. ఇందులో జైలు స్పెల్లింగు ఆ పాతదే. దాని ముందున్న మాటను ‘రీడింగ్’ అని చదివి, ఇదేదో చదువు గొడవ అనుకుంటాం. అది లండన్‌కు పడమటనున్న ఊరు, పేరు రెడింగ్. వైల్డ్ అక్కడి జైల్లో శిక్ష అనుభవించాడు. 1896లో అక్కడే ఉరితీసిన ఒక సైనికుడి కథ ఆ కవితకు ఆధారం. మొదటిసారి అచ్చైనప్పుడు కవి పేరుండాల్సిన చోట ఆయన గది నంబరు ‘సి.3.3’ మాత్రమే ఉంది. పేరే సరిగా చదవలేనివాడికి ఈ కథంతా ఎలా అందుతుంది?

పలుకు తెలిసినా అర్థం మోసం చేసే మాటలూ ఉన్నాయి. షేక్‌స్పియర్ నాటకంలో జూలియట్ ‘వేర్‌ఫోర్’ అంటే, రోమియో ఎక్కడున్నాడని వెతుకుతోందనుకుంటారు. ఆమె అడిగేది ‘ఎందుకు’ అని: నువ్వు ఆ శత్రువుల ఇంటి రోమియోవే ఎందుకయ్యావని! అర్థం తప్పితే సన్నివేశమే తారుమారవుతుంది.

డిక్షనరీల్లో ఉచ్చారణ గుర్తులున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. వాటిని చదవడం ఎంతమందికి నేర్పాం? తెలుగు అక్షరాల్లో ఇంగ్లిషు ధ్వనులన్నీ ఇమడవన్నదీ నిజమే. అయినా ‘గావోల్’ అనబోయేవాణ్ణి ‘జైల్’ దగ్గరకు చేర్చడానికి మన లిపి చాలు.

అందుకే కోరుతున్నాం:

1. అధ్యాపకులు పాఠం మొదలుపెట్టే ముందు అందులోని పాత మాటలను బోర్డు మీద రాసి, పైకి పలికి, పలికించాలి.

2. గైడ్లలో ప్రతి పాత మాట పక్కన మూడు సంగతులు అచ్చువేయాలి: తెలుగు లిపిలో పలుకు, అర్థం, నేటి రూపం.

3. పత్రికలు ఇంగ్లిషు పుస్తకాల, ఊళ్ల పేర్లను స్పెల్లింగు చూసి కాక, పలుకు కనుక్కుని రాయాలి.

4. విద్యార్థులు అనుమానమొస్తే సిగ్గుపడకుండా అడగాలి. ఫోన్లోని డిక్షనరీలో స్పీకర్ గుర్తు నొక్కి వినాలి.

దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. వచ్చే ముద్రణలో మాటకొక్క వరుస చేర్చండి. రేపటి క్లాసులో అయిదు నిమిషాలు కేటాయించండి.