జరగని విచారణ

హైదరాబాద్ శివారు కొత్వాల్‌గూడ వాళ్లకు తొండుపల్లి టోల్‌గేటు తెలియని చోటు కాదు. 2019 నవంబరు 27 రాత్రి అక్కడి నుంచే ఒక యువ వెటర్నరీ డాక్టర్‌ను ఎత్తుకుపోయి, అత్యాచారం చేసి చంపారు. ‘దిశ’ అని మనం పిలుచుకుంటున్న ఆ అమ్మాయి శవం చటాన్‌పల్లి వంతెన కింద కాలిపోయి దొరికింది. డిసెంబరు 6 తెల్లవారుజామున అదే చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. జనం కోపం నాకు అర్థమవుతుంది. ఆ పూలను మాత్రం ఒప్పుకోలేను.

న్యాయమైన విచారణ కోర్టు హాల్లో మొదలయ్యేది కాదు. ఈ కేసులో అరెస్టు కాగానే ప్రెస్‌మీట్ పెట్టి, నేరం ఎలా జరిగిందో పోలీసులు పూసగుచ్చినట్టు చెప్పేశారు. 1976లో ఫ్రాన్స్‌లోనూ మంత్రి సమక్షంలో పోలీసు అధికారులు ఒకాయన్ని హత్యకు సూత్రధారిగా ప్రకటించారు. నేరం రుజువు కాకముందే అలా దోషిని చేయడం హక్కుల ఉల్లంఘనేనని యూరప్ మానవ హక్కుల కోర్టు 1995లో తీర్పిచ్చింది. తొలి పోలీసు విచారణ నుంచే లాయరు అందుబాటులో ఉండాలని 2008లో ఒక టర్కీ కేసులో అదే కోర్టు చెప్పింది. ఆ తీర్పులు మన దేశాన్ని కట్టడి చేయవు. మన రాజ్యాంగం 22వ అధికరణం చేస్తుంది. అయినా షాద్‌నగర్ లాయర్లు నిందితుల తరఫున వాదించబోమన్నారు. బార్ అసోసియేషన్ల అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

ఈ కాల్పులపై సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. ఫోను, పవర్‌బ్యాంకు, వాచీ చూపించడానికి తీసుకెళ్తే తుపాకులు లాక్కున్నారన్న పోలీసుల మాటను కమిషన్ నమ్మలేదు. చంపాలనే కాల్చారని తేల్చింది, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. నలుగురు నిందితుల్లో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. కేసు కోర్టుకెక్కితే మొదట్లోనే తేలాల్సిన వయసు, వాళ్లు పోయాక బడి రికార్డుల్లో వెతకాల్సి వచ్చింది.

విచారణ నిందితుల కోసమే అనుకోవడం మన పొరపాటు. అది దిశకూ దక్కాల్సింది. ఈ కేసు కోసం మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు పెట్టారు, అక్కడ ఒక్క సాక్షి కూడా బోనెక్కలేదు. ఆ రాత్రి కుటుంబం ఫిర్యాదుకు వెళ్తే, మా పరిధి కాదంటూ జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. విచారణ జరిగి ఉంటే, ఆ గంటల్లో ఏ ఠాణాలో ఎవరు ఏం చేశారో ప్రమాణం చేసి చెప్పాల్సి వచ్చేది. కన్నవాళ్లు ఎదురుగా కూర్చుని వినేవాళ్లు.