కదలని బస్సు

ఇనుముకి తుప్పు ఎందుకు పడుతుందో ముప్ఫయి ఏళ్ళపాటు పిల్లలకి చెప్పి పొట్టపోసుకున్నవాణ్ణి నేను. మూడు పరీక్షనాళికలు, మూడు మేకులు. మొదటిదాంట్లో మామూలు నీళ్ళు. రెండోదాంట్లో మరగబెట్టి చల్లార్చి, పైన నూనె పోసిన నీళ్ళు. మూడోదాంట్లో చెమ్మని పీల్చేసే కాల్షియం క్లోరైడు. వారం తిరిగేసరికి మొదటి మేకు ఎర్రబడుతుంది, తక్కిన రెండూ పెళ్ళికొడుకుల్లా మెరుస్తూ ఉంటాయి. కనుక గాలీ నీరూ రెండూ కలిస్తేనే తుప్పు. ఇది రాయని కుర్రాడికి నేను మార్కు వేసిన పాపాన పోలేదు. అటువంటి మహానుభావుణ్ణి ఒక బస్సుకి చేసిన నిర్వాకం ఈ వారం మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

బస్సు నాది కాదు లెండి. బందరుకి దాపున ఒక పల్లెలో చిన్న బడి ఉంది. రిటైరయి ఖాళీగా ఉన్నాను గదా అని నన్ను ఆ బడి కమిటీలో వేశారు. నలభైమంది పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ళనించి తెచ్చి దింపే బస్సొకటి వాళ్ళకుంది. అప్పటికే దానికి వయసు మళ్ళింది. 2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూసేశారు. బస్సుని బడి వెనక వేపచెట్టు కింద నిలబెట్టాం. నేల కాస్త ఏటవాలు. డ్రైవరు, "గేరులో వేసి చక్రాల కింద చెక్కలు పెడతానండీ, హ్యాండు బ్రేకు వద్దు" అన్నాడు. నాకెందుకు తోచిందో, "అదేం మాటయ్యా, దొర్లిపోతే? గట్టిగా లాగి ఉంచు!" అన్నాను. మేష్టారి మాట కాదనలేక లాగి ఉంచాడు.

మధ్యలో పై తరగతుల పిల్లలు కొన్నాళ్ళు సైకిళ్ళమీద వచ్చారు గాని, బస్సు అవసరం పడలేదు. రెండు వానాకాలాలు దానిమీదుగా వెళ్ళిపోయాయి. మా వేపు గాలి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సముద్రంమీదనించి ఉప్పు మోసుకొస్తుంది. ఉప్పు ఊరికే కూర్చోదు. గాలిలో తేమని లాక్కుని ఇనుముమీద సన్నటి తడిపొర నిలబెడుతుంది. నా మొదటి పరీక్షనాళిక అన్నమాట, బస్సంత పెద్దది!

2021 ఆగస్టు 16న బళ్ళు తెరుస్తారన్నారు. నెల ముందు బస్సు దగ్గిరకి వెళ్ళాం. కొత్త బ్యాటరీ బిగిస్తే ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. డ్రైవరు గేరు వేసి క్లచ్చి వదిలాడు. బస్సు వెనకభాగం మోకాళ్ళమీద కూర్చున్నట్టు కుంగి, కదలనంది. వెనక చక్రాలు పట్టేశాయి.

కమిటీలో ఒక పెద్దమనిషి ట్రాక్టరు తెప్పించి లాగిద్దామన్నారు. ఒకసారి ఊడితే అదే సర్దుకుంటుందిట. పైగా కాగితాల ఇబ్బంది కూడా లేదు. ఆ రోజుల్లో ఫిట్‌నెస్ గడువు తీరినా, 2021 సెప్టెంబరు 30 వరకూ చెల్లుతుందని కేంద్రం పొడిగించింది. కాగితంమీద బస్సు నిక్షేపంగా ఉంది. "ఇరవై దాటకుండా నెమ్మదిగా నడిపితే సరి" అని తీర్మానం కూడా అయింది.

డ్రైవరు ఏమీ అనలేదు. తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా దారిలో మూడు మైళ్ళు కాలవగట్టు. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క పల్లపు చేలు. ఆ గట్టుమీద ఎదురుగా గేదె వస్తే ఆగాలి, ధాన్యం లారీ వస్తే ఆగాలి. అక్కడ ఆగడం రానివాడు నెమ్మదిగా వెళ్ళినా ఒకటే, జోరుగా వెళ్ళినా ఒకటే.

మేస్త్రీని పిలిపించాం. అతను నా దగ్గిర తొమ్మిదోతరగతి వరకూ చదివి, రసాయనశాస్త్రం తన వంటికి సరిపడదని షెడ్డులో చేరినవాడు. ఇప్పుడతనికే తల నెరిసింది. బస్సు కింద దూరి పావుగంటకి బయటికొచ్చి, "హ్యాండు బ్రేకు లాగి ఉంచిన తెలివైనవాడెవరు మేష్టారూ?" అన్నాడు. డ్రైవరు నేలచూపులు చూశాడు. నేను చెప్పక తప్పలేదు.

మూడు రోజులు పట్టింది విప్పడానికి. జాకీమీద ఎత్తి, చక్రాలు తీసి, డ్రమ్ముల చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే సుత్తితో డ్రమ్ముని చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు. గట్టిగా ఒక్కచోట కొడితే పోత ఇనుము పగులుతుందిట. షూలని వదులు చేసే స్క్రూ కూడా బిగుసుకుపోయింది. చివరికి డ్రమ్ముకున్న రెండు బెజ్జాల్లో బోల్టులు పెట్టి, ఇటొక మర అటొక మర బిగిస్తూ వస్తే, కెవ్వుమని అరిచి ఊడివచ్చింది.

షూ ఒకచోట, దాని లైనింగు ఇంకోచోట! లైనింగు డ్రమ్ముకే అంటుకుపోయి వచ్చింది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. షూకీ లైనింగుకీ మధ్య చేరి ఉబ్బి, రివెట్లని కూడా లెక్కచెయ్యకుండా లైనింగుని పైకి లేపేసి పగలగొట్టింది. ట్రాక్టరు పెట్టి లాగించి ఉంటే ఆ పెంకులన్నీ డ్రమ్ములోనే తిరుగుతూ ఉండేవి. షూలని వెనక్కి లాగే స్ప్రింగులు అగ్గిపుల్లల్లా విరిగాయి. వీల్ సిలిండర్లలో పిస్టన్లు కదలడం మానేశాయి. లోపల బ్రేకు ఆయిలు ఉండవలసిన చోట పాత కషాయంలాంటి మడ్డి ఉంది.

అక్కడో చిన్న గలాటా అయింది. మేస్త్రీ దగ్గిర పనిచేసే కుర్రాడు గాలిగొట్టం తెచ్చి డ్రమ్ములో దుమ్ము ఊదబోయాడు. నేను కేకేశాను. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో దిగితే ఎన్నో ఏళ్ళకి ప్రాణంమీదికి తెస్తుంది. మాస్కులకి కొదవలేని రోజులే గాని, గుడ్డమాస్కు దానికి చాలదు. తడిగుడ్డతో తుడిపించాను. ఆ మూడు రోజుల్లో నేను చేసిన ఉపకారం ఇదొక్కటే.

బ్రేకు ఆయిలు సంగతి ఇంట్లో కారున్నవాళ్ళూ వినవలసిందే. అది గాలిలోని చెమ్మని పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల వేడిదాకా మరగకుండా ఉండాలి. నూటికి నాలుగు పాళ్ళకి కాస్త తక్కువగా నీరు చేరితే చాలు, ఆ హద్దు 140కి దిగిపోతుంది. పెడలు తొక్కగా తొక్కగా వేడెక్కి ఆయిలు మరిగిందంటే గొట్టంలో ఆవిరి చేరుతుంది. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది గాని బ్రేకుని తొయ్యదు. కాలు నేలకి అంటుతుంది, బండి మాత్రం ఆగదు. పైగా ఆ చెమ్మే సిలిండర్లని లోపలినించి తుప్పు పట్టిస్తుంది. రెండేళ్ళకోసారయినా ఆయిలు మార్పించమనేది అందుకే.

నాలుగోరోజు పొద్దున మేస్త్రీ నన్ను బస్సు కింద పడుకోమన్నాడు. ఈ వయసులో! చాప వేశాడు, పడుకున్నాను. చాసిస్ పొడుగునా వెనక చక్రాలకి వెళ్ళే సన్నటి ఇనపగొట్టం ఉంది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు దగ్గిర మట్టి చేరి తడి ఆరనివ్వలేదు. క్లిప్పు తీసి, స్క్రూడ్రైవరు మొనతో మెల్లిగా నొక్కాడు. అప్పడంలో వేలు దిగినట్టు దిగింది.

"చక్రాలు ఊడదీసి పంపేసి ఉంటే, మెల్లిగా తొక్కినన్నాళ్ళు ఇది ఓర్చుకునేది మేష్టారూ. ఎవరో అడ్డమొచ్చి గట్టిగా తొక్కిననాడు పగిలేది" అన్నాడు.

ముందు చక్రాలకి వేరే దారి ఉంది, నిజమే. కాని నలభైమంది పిల్లలతో, సగం బ్రేకుతో, కాలవగట్టుమీద! చాపమీదనించి లేవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

ఆ సాయంత్రం కమిటీలో ఆ గొట్టం ముక్క బల్లమీద పెట్టాను. ట్రాక్టరు పెద్దమనిషి దాన్ని వేళ్ళతో తిప్పి చూసి, మాట్లాడకుండా సంతకం పెట్టారు. లైబ్రరీ బీరువాలకని దాచిన సొమ్ము మొత్తం అందులో పోయింది.

డ్రమ్ముల్ని బెజవాడ ఆటోనగర్ పంపి లేతుమీద తోయించాం. అవి ఇంతకు మించి అరగకూడదనే కొలత డ్రమ్ముమీదే పోసి ఉంటుంది. రెండు ఆ హద్దు దాటాయి, వాటికి బదులు కొత్తవి తెచ్చాం. షూలకి కొత్త లైనింగు కొట్టించి, సిలిండర్లు, గొట్టాలు, స్ప్రింగులు, హ్యాండు బ్రేకు కేబులు అన్నీ మార్పించాం. ఆయిలు పోసి, ఒకరు పెడలు తొక్కుతుంటే ఒకరు ఒక్కొక్క చక్రం దగ్గిరా గాలి తీశారు.

అయినా డ్రైవరు తాళంచెవి తీసుకోలేదు. పిల్లల బరువుకి సరిపడా ఇసుకబస్తాలు సీట్లలో వేయించి, బడి మైదానంలో నడిపి చూశాడు. కొత్త లైనింగు మొదట్లో డ్రమ్ముకి పూర్తిగా ఆనదు, పట్టు తక్కువగా ఉంటుంది. రెండురోజులు తొక్కి, వదిలి, తొక్కి, మళ్ళీ విప్పించి సర్దించాడు. మూడోరోజు బస్సు గీత గీసినచోట ఆగింది. అప్పుడు బస్తాలు దింపించి, చెయ్యి చాపి తాళం అడిగాడు.

బస్సు ఆ తరవాత రెండేళ్ళు తిరిగి, 2023లో సెలవు తీసుకుంది. గొట్టం ముక్క మాత్రం నా సొరుగులో ఉంది. మొన్న మా ఆవిడ సొరుగు సర్దుతూ, "ఏమండీ, ఈ తుప్పుముక్క పారేస్తున్నా" అంది. వద్దన్నాను. అయితే చీర అంచుకి తుప్పుమరక అంటిందని ఇంతవరకూ నాతో సరిగా మాట్లాడ్డం లేదు.