బండి పుట్టినరోజు కాదు, బ్రేకులు చూడండి

"ఇంకా ఆ డొక్కు జీపునే వాడుతున్నాడా మీ మామయ్య? తుక్కు కింద ఇచ్చేసి కొత్త థార్ కొనుక్కోమను బాసూ" అన్నాడు మా టీం లీడు మొన్న క్యాంటీన్లో. చుట్టూ వున్న నలుగురూ తలలూపారు. తమాషా ఏంటంటే, ఇదే మనిషి ఆ పొద్దున స్టాండప్‌లో, 2009లో ఎవరో రాసి వెళ్ళిపోయిన మాడ్యూల్ గురించి "నడుస్తోంది కదా, దాన్ని ఎవరూ ముట్టుకోకండి" అని దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. పాత కోడ్ అయితే లెగసీ సిస్టం, పాత బండి అయితే డొక్కు!

అక్కడ నోరు పెగల్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. కాస్త కోపంగానే రాస్తున్నా, సర్దుకుపోండి.

మా మేనమామది అజీజ్‌నగర్. పేరు వినకపోయినా మీలో చాలామంది ఆ పక్క నించి వెళ్ళే వుంటారు. వీసా రావాలని చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది చేసిన బాపతు కదా మనమంతా :) అప్పా జంక్షన్ దాటి చేవెళ్ళ రోడ్డు పట్టుకుంటే, అటు గండిపేట, ఇటు హిమాయత్‌సాగర్, మధ్యలో ఈ వూరు. 111 జీవో కింద వున్న 84 వూళ్ళలో ఇదీ ఒకటి. మామకి మొయినాబాద్ వైపు కొంచెం పొలం, రెండు గేదెలు, ఒక జీపు వున్నాయి. ట్రాక్టరు లేదు.

ఆ జీపు మహీంద్రా ఎంఎం 540, 1991 మోడలు. నాకంటే పెద్దది. 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడంతో మొదలైన మహీంద్రా వారి వంశవృక్షంలో ఇదో కొమ్మ. ప్యూజో డిజైన్ చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజను, నాలుగు చక్రాలకీ కమాన్ పట్టీలు, నాలుగింటికీ డ్రమ్ము బ్రేకులు. కంప్యూటరు అన్న మాట దాని వొంట్లో ఎక్కడా లేదు. వెనక సీట్లు ఎప్పుడో మడిచేశారు. పచ్చిగడ్డి, టమాటా డబ్బాలు, మోటారు పంపు... అన్నీ అందులోనే. వానాకాలం నల్లరేగడిలో రెండు చక్రాల బలంతో నడిచే బండి దిగితే అంతే సంగతులు. ఈ జీపు మాత్రం ముందు హబ్బులు లాక్ చేసి, చిన్న లివరు లో గేరుకి వేస్తే, ఎద్దులాగా నిదానంగా నడుచుకుంటూ బయటికొస్తుంది. వీకెండు ఫామ్‌హౌసులకి వచ్చి బురదలో దిగబడిన మనవాళ్ళ కార్లని మామ ఎన్నిటిని లాగాడో లెక్కలేదు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్తాను. ఎందుకంటే ఈ టపాలో మొదటి ముద్దాయిని నేనే.

రెండేళ్ళ కింద బోనస్ వచ్చింది. మామకి ఏదన్నా చెయ్యాలనిపించింది. యూట్యూబులో పంజాబ్, హర్యానా వాళ్ళ జీపులు చూసీ చూసీ బుర్ర పాడైంది. 28 అంగుళాల టైర్లు తీయించి 31 అంగుళాలవి వేయించాను. అవి తగలకుండా పట్టీల దగ్గర పొడుగు షాకిల్స్ పెట్టించి బండి లేపించాను. ముందు ఇనప బంపరు, పైన ఎల్ఈడీ లైట్ల పట్టీ. ఖర్చు లక్షకి దగ్గర. ఫొటోలకి ఆఫీసులో లైకులే లైకులు. మామ మాత్రం బండెక్కడానికి మోకాలు పట్టుకుని, "మంచిగున్నదిలే అల్లుడా" అన్నాడు. నా మొహం చూసి అన్న మాట అది.

మూడు వారాల తర్వాత, చీకటి పడే వేళ, చెరువు వైపు దిగుడు రోడ్డు మీద నేనే నడుపుతున్నా. మలుపులో సైకిల్ మీద ఓ పిల్లాడు. బ్రేకు తొక్కాను. బండి ఆగాల్సిన చోట ఆగలేదు. ఎడమకి గుంజింది, స్టీరింగు చేతుల్లో గజగజలాడింది, చివరికి పిల్లాడికి జానెడు దూరంలో ఆగింది. వాడు ఏమీ అనకుండా సైకిలు తొక్కుకుంటూ పోయాడు. నేను మాత్రం పావుగంట రోడ్డు పక్కన కూచున్నాను.

మర్నాడు మామ వెంట వుస్తాద్ షెడ్డుకెళ్ళాను. అజీజ్‌నగర్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ముప్పై ఏళ్ళుగా జీపులే పని. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం సార్, ఇంజినీరంటివి! కాళ్ళకు పెద్ద బూట్లు తొడిగినవ్, ఆపే చేతులు మాత్రం గవ్వేనాయె?" అన్నాడు. అంతకన్నా పెద్ద కోడ్ రివ్యూ నాకింతవరకూ జరగలేదు.

లెక్క చూడండి, ఇంటర్ ఫిజిక్సే. టైరు వ్యాసం సుమారు 11 శాతం పెరిగింది. స్పీడోమీటరు 50 చూపిస్తుంటే నిజంగా వెళ్తున్నది 55 పైన. బ్రేకు డ్రమ్ము మాత్రం పాతదే, అంటే అదే వేళ్ళతో ఇంకా పెద్ద చక్రాన్ని పట్టుకోవాలి. పైగా చక్రం బరువు పెరిగింది. బండి లేపితే బరువు కేంద్రం పైకి పోతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి క్రాసులు అరుగుతాయి, స్టీరింగు లింకులు వంకరగా లాగుతాయి. ఒక చోట మార్చినదానికి పది చోట్ల డిపెండెన్సీలు. టెస్టింగ్ లేకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లోకి తోసేసిన రిలీజు అది. తోసింది నేను, దారిలో వున్నది ఆ పిల్లాడు.

వుస్తాద్ నాలుగు రోజుల్లో అన్నీ విప్పేశాడు. పాత సైజు టైర్లు, పాత షాకిల్స్. డ్రమ్ములు లేత్ మీద తిప్పించి, కొత్త లైనింగులు, వీల్ సిలిండర్లలో రబ్బర్లు, పట్టీలకి బుష్‌లు, ముందు చక్రాల దగ్గర అరిగిన బేరింగులు. ఖర్చు ఇరవై మూడు వేలు. నేను మోజుకి పోసినదాంట్లో నాలుగో వంతు. ఇప్పుడా బండి 50లో బ్రేకు తొక్కితే గీత గీసినట్టు నిలబడుతుంది. ఇంకో మాట కూడా అప్పుడే చెప్పాడు: తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యొద్దని. ఈ జీపుల్లో ముందు, వెనక యాక్సిల్స్ మధ్య డిఫరెన్షియల్ వుండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, పట్టు గట్టిగా వున్న రోడ్డు మీద ఆ తేడా పోయే దారి లేక గేర్లు మెలిపడతాయి. బురదలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. లక్షలు పోసి కొన్న మనవాళ్ళెంతమందికి ఈ ముక్క తెలుసు?

కాబట్టి నా మొదటి వాదన మనవాళ్ళ మీదే. రిపేరు వేరు, మోడిఫికేషన్ వేరు. రిపేరంటే అరిగినదాన్ని దాని అసలు స్థితికి తేవడం. మోడిఫికేషన్ అంటే కొత్త డిజైను, దానికి లెక్క కావాలి, పరీక్ష కావాలి. మనం సోకుకి చేసే రెండోదాని వల్ల, బతుకుతెరువుకి జరిగే మొదటిదానికి చెడ్డపేరు వస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకి భిన్నంగా మార్చిన బండిని రిజిస్టర్ చెయ్యకూడదని చెప్పింది. అదే ఏడు వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టంలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆర్నెల్ల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. ఇనప బంపర్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. ఇవన్నీ తెలిశాక నా లక్ష రూపాయల ఫొటోలు డిలీట్ చేశాను.

ఇక రెండో వాదన సర్కారు మీద. మార్పుల విషయంలో అంత కచ్చితంగా వున్న చట్టం, వయసు దగ్గరికొచ్చేసరికి బుర్ర పక్కన పెట్టేస్తుంది. పదిహేనేళ్ళు దాటిన కారు రెన్యూవల్ ఫీజు 600 వుండేది, 2022 ఏప్రిల్ నించి 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. బ్రేకులు పడే బండికీ పదివేలే, పడని బండికీ పదివేలే! ఇది పరీక్ష ఫీజు కాదు, పుట్టినరోజు జరిమానా. ఢిల్లీలో అయితే 2025 జూలై 1 నించి వయసు మళ్ళిన బండ్లకి బంకుల్లో ఆయిలే పొయ్యొద్దన్నారు. జనం గోల చేస్తే నాలుగు రోజులు తిరక్కుండానే ఆపుకున్నారు.

"పాతవాటికి వింటేజ్ రూలుందిగా" అంటారేమో. వుంది, 2021లో తెచ్చారు. యాభై ఏళ్ళు నిండాలి. మా మామ జీపు 2041 దాకా ఆగాలి. నిండినా ఆ నంబరుతో ప్రదర్శనకి, ర్యాలీకి వెళ్ళొచ్చు గానీ మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ధనవంతుల షెడ్డులో మెరిసే కారుకి ఆ రూలు సరిపోతుంది, గడ్డి మోసే జీపుకి ఎందుకూ పనికిరాదు. జర్మనీలో ముప్పై ఏళ్ళు దాటి, మంచి స్థితిలో, అసలు రూపంలో వుంటే ప్రత్యేకం నంబరిస్తారు. మార్పులు చేసుకుంటే ఇంజినీరు పరీక్షించి కాగితాల్లో ఎక్కిస్తాడు. అంటే వాళ్ళు బండిని చూస్తారు, మనం క్యాలెండర్ని చూస్తాం.

పొగ సంగతేంటి అని అడగండి, అడగాల్సిందే. 1991 డీజిల్ ఇంజను శుభ్రమైనదని నేను అబద్ధం చెప్పను. రోజూ గచ్చిబౌలి ట్రాఫిక్కులో దీన్ని తిప్పేవాణ్ణి నేనూ సమర్థించను. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, అందుకే మామ 50 దాటడు, హైవే మీద దూరాలు పోడు. కానీ పొలానికీ ఇంటికీ మధ్య ఏడాదికి కొద్ది వేల కిలోమీటర్లు తిరిగే బండినీ, రోజుకి వంద కిలోమీటర్లు తిరిగేదాన్నీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం? ఎంత తిరిగింది, పొగ ఎంత, బ్రేకు ఎంత పడుతోంది... మూడూ కొలవగలిగినవే. కొలవండి. ఫెయిలైతే ఆపండి, నేనే తాళాలిస్తా.

మూడో వాదన కొత్త బండ్లు తయారుచేసేవాళ్ళ మీద, అంటే కొంత మన మీదే, ఆ సాఫ్ట్‌వేర్ రాసేది మన జాతే కాబట్టి. నా సొంత బండీ ఫోర్ వీల్ డ్రైవే, నాలుగేళ్ళ కిందటిది. పోయిన చలికాలం ఎలుక ఒక సెన్సార్ వైరు కొరికింది. డాష్‌బోర్డు మీద దీపావళి, ఫోర్ వీల్ పడదు. సర్వీసు వాళ్ళు వైరు అతకరట, హార్నెస్ మొత్తం మార్చాలట, అరవై వేలు, రెండు వారాలు. వుస్తాద్‌ని అడిగితే నవ్వాడు. "వైరు నేను కలుపుత సార్. గని నీ బండిల కంప్యూటరు నన్ను నమ్మదు."

ఇది నా ఒక్కడి గోల కాదు. స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి రెండున్నర వేల కోట్లకి పైగా జరిమానా వేసింది. ఆ తర్వాత అది అప్పీళ్ళలో నలిగింది. 2022 డిసెంబరులో కేంద్రం "రైట్ టు రిపేర్" పోర్టల్ పెట్టింది. పోర్టల్ పెట్టడం మనకి బాగా వచ్చిన విద్యే కదా. వుస్తాద్ చేతికి స్కానరూ, సర్వీసు మాన్యువలూ వచ్చిన రోజు చెప్పండి, చప్పట్లు కొడతా. ఓపెన్ సోర్స్ టీషర్టులేసుకుని తిరిగే మనం, మన బండి కోడ్ మాత్రం తాళం వేసి అమ్మితే నోరెత్తం. విజయవాడ ఆటోనగర్లో ఏ కంపెనీ కాగితమూ లేకుండా ఇంజన్లు విప్పి బిగించిన మేస్త్రీలు ఎంతమంది! ఆ చేతులకి పని లేకుండా చేసే డిజైను గొప్ప ఇంజినీరింగ్ అని నేనొప్పుకోను.

ఇప్పుడు అసలు భయం చెప్తాను. వుస్తాద్ షెడ్డున్నది అద్దె జాగాలో. ఆ రోడ్డు మీద భూమి రేట్లు మీకు తెలిసినవే, కొంటున్నది మనమే. ఓనరు ఖాళీ చెయ్యమంటున్నాడట. వుస్తాద్ కొడుకు ఈ పని నేర్చుకోలేదు, క్యాబ్ నడుపుతున్నాడు. షెడ్డు పోతే ముప్పై ఏళ్ళ నాలెడ్జి బేస్ పోతుంది, బ్యాకప్ ఎక్కడా లేదు. అందుకని మూడు నెలలుగా ఆదివారాలు అక్కడే కూచుని, ఆయన చెప్పింది రాసుకుంటున్నా, ఫోన్లో వీడియో తీసుకుంటున్నా. ఏ గేరుబాక్సుకి ఏ బేరింగు సరిపోతుంది, ఏ చప్పుడొస్తే ఏది విప్పాలి... ఇప్పటికి రెండు నోటుబుక్కులు నిండాయి.

మామ జీపు రెన్యూవల్ ఈ ఏడే, 2026లో. పదివేలు కడతాం, కోపంగా కడతాం. బ్రేకులు సరిచూశాం, లైట్లు సరిచూశాం, సీటు బెల్టులు బిగించాం, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ అంటించాం. ఎవరైనా నిజంగా పరీక్షిస్తే సంతోషంగా నిలబెడతాం.

మా టీం లీడుకి ఒక ఆహ్వానం. మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు కొత్త బండి వేసుకుని మా పొలానికి రండి సార్. తాడు మేం తెస్తాం.